రాకుమారుడి కారుకు తొందరెక్కువ

ఆ ఏడు రిహార్సల్ నాడు మూడో రాకుమారుడి కారు ఊరేగింపును నడివీధిలో వదిలేసి తన దారిన తాను పోయింది.

కారు నడుపుతున్నది ఖున్‌బోక్. యాక్సిలరేటర్ మీద అతని కాలు లేదు. కన్నతల్లి మీద ఒట్టేసి చెప్పాడు, లేదని. ఆ కారుకు గేర్లు మార్చే పని ఉండదు. బ్రేకు మీద కాలు తీస్తే చాలు, దానంతటదే మెల్లగా కదులుతుంది. అందుకే గుడివాళ్ళు ఒకప్పుడు దాన్ని ఏరి కోరి తెచ్చుకున్నారు. పైకప్పు కోయించారు, వెనక సీట్లు పీకించి రాకుమారుడి సింహాసనం బిగించారు. అప్పట్నుంచీ ఏటేటా ముసలమ్మలు అగరువత్తులు పట్టుకుని పక్కనే కబుర్లాడుకుంటూ నడిచేంత నింపాదిగా ఊరు చుట్టి వచ్చేది. ఆ సాయంత్రం మాత్రం ఇంజిన్ గుడి ముందే రొద పెట్టడం మొదలుపెట్టింది. బ్రేకు వదిలితే చాలు, ఎవరో వెనకనుంచి తన్నినట్టు ముందుకు ఉరుకుతోంది.

మొదట డప్పులవాళ్ళు నడక పెంచారు. తర్వాత పరుగందుకున్నారు. సన్నాయి ఊదేవాడికి ఉన్న ఊపిరంతా పరుగుకే సరిపోయి ఊదడానికి మిగల్లేదు. అందరికంటే ఇబ్బంది పడింది ఇద్దరు మనుషులు ఒకే వేషంలో దూరి ముందు ఆడుతున్న సింహం. తల పట్టుకున్నవాడు వెనక్కి చూసి, మీదికి వస్తున్న కారును చూసి, కాళ్ళకు బుద్ధి చెప్పాడు. తోక పట్టుకున్నవాడికి బట్టలోంచి ఏమీ కనబడదు గనక వాడు అక్కడే ఆడుతున్నాడు. సింహం రెండు ముక్కలైంది. ఆలుచిప్పల గుట్టల దగ్గర గుమిగూడిన ఆడవాళ్ళు నవ్వలేక పొట్టలు పట్టుకుని కూలబడ్డారు. ఖున్‌బోక్ బ్రేకు తొక్కీ తొక్కీ కాలు పట్టేసి, చివరికి బ్రేకులు కాలిన వాసన వస్తుంటే, రేవు దగ్గర తాళంచెవి తిప్పేశాడు.

"రాకుమారుడికి తొందరొచ్చినట్టుందే!" అంది ఒకావిడ.

"చిన్నపిల్లాడు కదమ్మా, ఆయనకేం తెలుసు నెమ్మది?" అంది ఇంకొకావిడ.

మూడో రాకుమారుడు నిజంగానే చిన్నపిల్లాడు. పాదాల కింద మండే చక్రాలతో ఆకాశంలో తిరిగే పిల్లదేవుడు. ఆయన ముందు పళ్ళూ మాంసమూ పెట్టినా పెట్టకపోయినా మిఠాయిలు పెట్టాలి, రంగురంగుల గాలిమరలు పెట్టాలి. ఆయన అల్లరి చేశాడంటే ఊళ్ళో ఎవరూ ఆశ్చర్యపోరు. ఆశ్చర్యపోకుండా నింద మాత్రం నడిపినవాడి మీద వేస్తారు.

రేవు దగ్గరికి అందరూ రొప్పుతూ చేరేసరికి హోక్‌లాయ్ అప్పటికే అక్కడున్నాడు. అతనికి పరుగెత్తే అవసరం రాలేదు, ఈమధ్యనే కొన్న తెల్లటి బ్యాటరీ కారులో వచ్చాడు. ఊళ్ళో ఉన్న ఒకే ఒక్క ఐసు ఫ్యాక్టరీ అతనిది. వినయం మాత్రం విపరీతం.

"అన్నయ్యా, తప్పు నీది కాదు," అన్నాడు ఖున్‌బోక్ భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినబడేలాగా. "ముసలి బండి, ముసలి ప్రాణం. రెండింటికీ విశ్రాంతి ఇవ్వాలి. నా కారుందిగా. ఇంజినే లేదు, ఇంక రేజవడం ఎక్కడిది? రాకుమారుణ్ణి అందులో కూర్చోబెడదాం. పాపం, నువ్వెందుకు కష్టపడ్డం, నేనే నడుపుతా."

ఖున్‌బోక్‌కు ఒళ్ళు మండిపోయింది. గుడి వ్యవహారాలు చూసే ఛువా పెద్దాయన గడ్డం నిమురుకోవడం చూశాక, మండిన ఒళ్ళు చల్లబడి గుండెలో రాయి పడింది.

"ఒరేయ్ ఖున్‌బోక్," అన్నాడు పెద్దాయన. "రాకుమారుడి పుట్టినరోజు ఊరేగింపుకు ముందు సాయంత్రం లోగా దీని సంగతి చూడు. బాగుపడిందా సరే. అయినా సరే, ఆ సాయంత్రం చెక్కలేసి రాకుమారుణ్ణే అడుగుదాం, ఎవరు తిప్పాలో ఆయనే చెప్తాడు."

అక్కడితో ఆ మాట ఆగింది, ఖున్‌బోక్‌కు అన్నం సహించడం కూడా ఆగింది. ఆ డ్రైవరు సీటు అతనికి ఏమిటో చెప్పాలంటే మిగతా ఏడాదంతా అతనేమిటో చెప్పాలి. ఇంట్లో కూరేమిటో భార్య చెబుతుంది. గుల్లల పాకలో ఏం చెయ్యాలో కొడుకు చెబుతాడు. టీ కొట్టు దగ్గర ఎవరెవరో ఏవేవో చెబుతారు, అతను తలాడిస్తాడు. ఏడాదికి ఒక్క రోజు మాత్రం ఎరుపు చొక్కా వేసుకుని ఆ సీట్లో కూర్చుంటే, దారి పొడుగునా ఊరు ఊరంతా చేతులు జోడించి వంగుతుంది. వాళ్ళు వంగేది వెనకున్న రాకుమారుడికేనని అతనికి తెలియక కాదు. ఆయనకు పెట్టే దణ్ణం తన నెత్తి మీదుగానే పోవాలి కదా, దారిలో కొంచెం తనకూ తగులుతుంది. ఆ కాస్తే అతనికి ఏడాది బత్తెం. అది కూడా హోక్‌లాయ్ ఎగరేసుకుపోతే తను బతికుండీ ఎందుకనిపించింది, నిజంగానే అనిపించింది.

మర్నాడు పొద్దున్నే కారును మరదలి షెడ్డుకు తోలుకెళ్ళాడు. తోలుకెళ్ళాడనడం మర్యాద కోసమే, కారే అతన్ని లాక్కెళ్ళింది.

మరదలంటే భార్య చెల్లెలు సియూహా. చేపల మార్కెట్ వెనక ఆమెకో మెకానిక్ షెడ్డుంది. పెళ్ళయిన కొత్తలో ఆ షెడ్డు ఆమె మొగుడిది. అతనికి ఇంజిన్ అంటే భయం, వంటంటే ఇష్టం. ఆమెకు వంటంటే చిరాకు, ఇంజిన్ అంటే ప్రాణం. ఇద్దరూ పనులు మార్చుకుని సుఖంగా ఉన్నారు.

"రా బావా రా," అంది సియూహా, చేపజావ గిన్నె పక్కకు పెడుతూ. "నిన్న సింహాన్ని రెండుగా కోశావటగా. కత్తి కూడా లేకుండా!"

"నీ వేళాకోళాలు తర్వాత. ముందు దీని సంగతి చూడు."

"ఆపకు, ఆపకు. అలాగే ఉండనీ, విందాం."

ఆమె బానెట్ ఎత్తకుండానే, చేతులు కట్టుకుని, ముఖం పక్కకు తిప్పి కాసేపు విన్నది. తర్వాత లోపలికి వంగి ఆర్‌పీఎం ముల్లు చూసింది. మామూలుగా ఉండాల్సినదానికి రెట్టింపు పైన ఉంది. ఇంజిన్ వేడెక్కితే తగ్గాలి. అది వేడెక్కే వచ్చింది, తగ్గలేదు.

"ఎన్నాళ్ళనుంచి?"

"నిన్నట్నుంచే."

"నిన్నట్నుంచేనా? పోయినేడు ఊరేగింపైన తర్వాత దీన్ని బయటికి తీశావా అసలు?"

"తియ్యలేదు. గుడి వెనక షెడ్డులోనే ఉంది. కప్పి ఉంచా, భద్రంగా."

"భద్రంగా," అని ఆమె ఆ మాటను నోట్లో చప్పరించి బానెట్ ఎత్తింది.

బానెట్ లేవగానే ఖున్‌బోక్‌కు ఒక సంగతి గుర్తొచ్చింది. నోట్లో వెలక్కాయ పడింది.

ఆ దేశంలో యంత్రమున్నచోటల్లా ఒక ఆకుపచ్చ పొట్లం ఉంటుంది. కొబ్బరి వాసనేసే మొక్కజొన్న ఉబ్బులు, పిల్లలు తినేవి. దాని పేరే 'బుద్ధిగా ఉండు'. బ్యాంకు కంప్యూటర్ల మీద, ఆసుపత్రి మిషన్ల మీద, రైళ్ళ సిగ్నల్ గదుల్లో అది కూర్చుని ఉంటుంది, యంత్రం బుద్ధిగా ఉండాలని. ఆకుపచ్చదే పెట్టాలి, పసుపుదీ ఎర్రదీ పెడితే యంత్రానికి కోపమొస్తుంది. తేదీ దాటకముందే మార్చాలి. ఎదురుగా అందరికీ కనబడేలాగా పెట్టాలి. ఇంతవరకు చిన్నపిల్లలకు కూడా తెలుసు.

పోయినేడు ఊరేగింపుకు ముందు ఖున్‌బోక్ కూడా ఒకటి పెట్టాడు. అయితే ఎదురుగా పెడితే ఊరు ఊరుకుంటుందా? సాక్షాత్తూ దేవుడే ఎక్కి కూర్చునే కారు అది. దేవుడి మీద నమ్మకం చాలక మొక్కజొన్న పొట్లాన్ని నమ్ముకున్నాడని టీ కొట్టు దగ్గర తోలు వలిచేస్తారు. అందుకని బానెట్ ఎత్తి, ఇంజిన్ వెనకాల, ఎవరి చెయ్యీ చూపూ పోని సందులో దోపాడు. తర్వాత దాన్ని పూర్తిగా మర్చిపోయాడు.

"ఇంజిన్ వెనకాలేం లేదులే," అన్నాడు ఇప్పుడు.

సియూహా తలెత్తి చూసింది. "వెనకాల ఉందని నేనన్నానా?"

"అనలేదు. ఊరికే చెప్తున్నా. ముందువైపే చూడు. జబ్బు ముందువైపే ఉంటుంది."

"డాక్టరుగారూ, అలా స్టూలు మీద కూర్చోండి," అంది ఆమె.

ముందు యాక్సిలరేటర్ కేబుల్ పట్టుకుని ఊపింది. బిగుసుకుపోయి ఉంటే కాలు వెయ్యకపోయినా లాగుతుంది. అది వదులుగానే ఉంది. తర్వాత గాలి వెళ్ళే మూత విప్పి, రెక్క పూర్తిగా మూసుకుంటోందో లేదో వేలితో తట్టి చూసింది. మూసుకుంటోంది. ఐడ్లింగ్ చూసుకునే చిన్న వాల్వు విప్పింది. లోపల మసి గడ్డకట్టి ఉంది. మందు కొట్టి, పాత పళ్ళ బ్రష్షుతో తోమి, తుడిచి, మళ్ళీ బిగించి స్టార్ట్ చేసింది. ముల్లు పిసరంత దిగి ఆగిపోయింది.

"అయిపోయిందా?" అన్నాడు ఖున్‌బోక్ ఆశగా లేచి. "అంతే అయ్యుంటుంది. మసే. తీసుకుపోతా."

"కూర్చో బావా. అంత తొందరేంటి నీకు? ఈ కారుకు నీ జబ్బే అంటుకున్నట్టుంది."

ఆమె ఒక రబ్బరు గొట్టం ముక్క చెవిలో పెట్టుకుని, రెండో కొస ఇంజిన్ మీద అక్కడా ఇక్కడా ఆనించి వినసాగింది. ముందువైపు ఏమీ లేదు. మెల్లగా వెనక్కి జరుగుతోంది. ఖున్‌బోక్‌కు చెమటలు పట్టాయి. అక్కని అడిగానని చెప్పమన్నాడు. పిల్లల చదువులెలా ఉన్నాయన్నాడు. ఈసారి గుల్లలు లావుగా దిగాయని, సంచెడు పంపిస్తానని అన్నాడు.

"అక్క నిన్న రాత్రే నాతో మాట్లాడింది. నాకు పిల్లల్లేరు. గుల్లలు పంపు," అంది సియూహా గొట్టం తియ్యకుండానే. అంతలో ఆమె కనుబొమలు పైకి లేచాయి. "ఇదిగో, దొరికాడు. బుస్సుమంటున్నాడు. నీ కారు దొంగగాలి తాగుతోంది బావా."

"దొంగగాలా?"

"మూతి ఉన్నది గాలి తాగడానికి. నువ్వు కాలేస్తే ఆ మూతి తెరుచుకుంటుంది, ఇంజిన్ పరుగెడుతుంది. కాలు తీస్తే మూతి మూసుకుంటుంది, నెమ్మదిస్తుంది. ఇది మూతి మూసుకుని కూర్చుని వెనకనుంచి దొంగతనంగా తాగుతోంది. ఎక్కడో పైపుకు చిల్లుంది. అందుకే నువ్వు కాలు తీసినా దీనికి నెమ్మది లేదు."

ఇంజిన్ వెనకాల ఉన్న సన్నపు పైపును శ్రావణంతో గట్టిగా నొక్కి పట్టింది. రొద ఠక్కున పడిపోయింది. షెడ్డులో మార్కెట్ కేకలు వినబడసాగాయి. శ్రావణం వదిలితే మళ్ళీ రొద. నొక్కితే మళ్ళీ బుద్ధిమంతురాలు. ఖున్‌బోక్ సంతోషించాలో ఏడవాలో తెలియక స్టూలు అంచుకు జరిగాడు.

సియూహా ఇంజిన్ ఆపి, ఆ సందులోకి మోచేతి దాకా చెయ్యి దూర్చింది. దూర్చి, ఆగి, బావ ముఖం వైపు చూసింది. తర్వాత చెయ్యి బయటికి లాగింది. చేతిలో చింకిపాతలా ఆకుపచ్చ పొట్లం. లోపల ఉబ్బు ఒక్కటి లేదు. బదులుగా దూదీ, గడ్డిపోచలూ, ఎలుక పెంటికలూ ఉన్నాయి. వెనకే పైపు కూడా ఊడి వచ్చింది, దాని మీద పళ్ళ గాట్లు దువ్వెనతో గీసినట్టున్నాయి.

ఆమె కింద కూర్చుండిపోయింది. నవ్వింది. మాట రాక మళ్ళీ నవ్వింది. ఇంట్లోంచి మొగుడు గరిటెతో పరుగెత్తుకొచ్చి ఏమైందని అడిగితే చెయ్యి ఊపి పొమ్మంది.

"బావా... బుద్ధిగా ఉండమని... ఇంజిన్‌కి లంచం పెట్టావు... ఆ లంచం ఎలుక తిన్నది... తిని దాహమేసి పైపు కొరికింది..."

"నువ్వరవకు! ఎవరైనా వింటారు!"

"దేవుడి కారులో దేవుడికి తెలియకుండా! అదీ తేదీ దాటిపోయింది! అదీ ఎలుకలకి కాపరం పెట్టి మరీ!"

"సియూహా, నీ కాళ్ళు పట్టుకుంటా. హోక్‌లాయ్‌కి తెలిసిందంటే నా పని అయిపోయినట్టే. దేవుడి కారు చెడగొట్టింది నేనేనంటే పెద్దాయన మళ్ళీ నన్ను ఆ సీటు తుడవనిస్తాడా? నీకు నవ్వులాటగా ఉంది. నాకున్నది అదొక్కటే, నీకు తెలుసు."

సియూహా నవ్వాపింది. బావను తను వేళాకోళమాడని రోజు లేదు, అయినా ఎరుపు చొక్కాను అతను ముందు రోజునుంచే ఇస్త్రీ చేయించి తలుపుకు తగిలించుకోవడం కూడా ఆమె చూసింది.

"సరే. నేను ఎవరికీ చెప్పను. షెడ్డు మీద ఒట్టు. రాకుమారుడికి మాత్రం నువ్వే చెప్పుకోవాలి."

"ఆయనకి తెలియదా?"

"తెలుసు. నువ్వు చెప్తావా లేదా అని చూస్తాడు. పిల్లలకి అదే సరదా."

కొత్త పైపు కోసి, రెండు కొసలా క్లిప్పులు బిగించి, స్టార్ట్ చేసింది. ముల్లు లేచి, నెమ్మదిగా దిగి, ఉండాల్సిన చోట కదలకుండా నిలబడింది. ఆమె తాగుతున్న టీ గ్లాసును తీసుకెళ్ళి నడుస్తున్న ఇంజిన్ మీద పెట్టింది. టీ తొణకలేదు. ఖున్‌బోక్ బ్రేకు మీద కాలు తీస్తే కారు వీధిలోకి వయసుమళ్ళిన ఆవులా కదిలింది.

పుట్టినరోజుకు ముందు సాయంత్రం గుడి ముంగిట ఊరంతా చేరింది. ఖున్‌బోక్ కారును అటు చివరనుంచి ఇటు చివరకు నడిపి చూపించాడు. డప్పులవాళ్ళు పక్కనే నడిచి, బాగుందని తలూపారు. సింహం తోకవాడు ప్రత్యేకంగా వచ్చి చూసుకున్నాడు.

"బాగుంది అన్నయ్యా, ఈరోజు బాగుంది," అన్నాడు హోక్‌లాయ్. "రేపటి సంగతే నాకు భయం. ఇంతకీ ఏమైందంట దానికి?"

"పైపు పాతబడింది," అన్నాడు ఖున్‌బోక్.

స్తంభం పక్కన నిలబడ్డ సియూహాకు దగ్గొచ్చింది.

ఛువా పెద్దాయన అతని చేతిలో చెక్కలు పెట్టాడు. ఎర్ర రంగేసిన రెండు చంద్రవంకలు, ఒక్కొక్కదానికి ఒకవైపు బల్లపరుపు, ఒకవైపు ఉబ్బు. నేలకు వదిలితే ఒకటి అటూ ఒకటి ఇటూ పడితే దేవుడు అవునన్నట్టు. రెండూ ఉబ్బు పైకి పడితే కాదన్నట్టు. రెండూ బల్లపరుపు పైకి పడితే దేవుడు నవ్వుతున్నట్టు. పెద్ద సంగతులకు వరసగా మూడుసార్లు అవుననాలి.

ఖున్‌బోక్ మోకాళ్ళ మీద కూర్చుని పేరు, వీధి, పుట్టిన సంవత్సరం చెప్పుకున్నాడు. రాకుమారుడు మిఠాయిల గుట్ట వెనకనుంచి గులాబి బుగ్గలతో చూస్తున్నాడు.

"రాకుమారా, కారు పైపు పాతబడి కాస్త తొందరపడింది. మార్చేశాం. నిన్ను ఊరంతా తిప్పే పని నాదేనా?"

చెక్కలు టకటకమని పడ్డాయి. రెండూ బల్లపరుపే.

"నవ్వుతున్నాడు," అన్నాడు పెద్దాయన. "సరిగ్గా అడుగు."

"రాకుమారా, పాతబడడమంటే... ఎలుక కొరికింది. గుడి వెనక షెడ్డులో ఎలుకలెక్కువ. తిప్పే పని నాదేనా?"

మళ్ళీ నవ్వాడు. జనంలో కూడా ఎవరో కిసుక్కుమన్నారు.

"ఒరేయ్, ఏదో దాస్తున్నావురా నువ్వు," అన్నాడు పెద్దాయన. "నేను ఈ చెక్కలు చూడబట్టి తల నెరిసింది. ఆయన ఇలా ఊరికే నవ్వడు."

ఖున్‌బోక్ వెనక్కి తిరిగి మరదలి వైపు చూశాడు. ఆమె పైకప్పు మీది బొమ్మల్ని శ్రద్ధగా లెక్కపెడుతోంది. ముందు రాకుమారుడి బుగ్గలు. పక్కన హోక్‌లాయ్ వినయం. ఇంక దారి లేదని తెలిసిపోయింది.

"నేనే పెట్టాను!" అన్నాడు గట్టిగా, కళ్ళు మూసుకుని. "ఆకుపచ్చ పొట్లం. ఇంజిన్ వెనక. పోయినేడు. నీ మీద నమ్మకం లేక కాదు రాకుమారా, ఆ ఇంజిన్ మీద లేక. దాని కోసమే ఎలుకొచ్చింది. తప్పంతా నాదే. మిఠాయంటే ప్రాణమైన నిన్ను వెనక కూర్చోబెట్టుకుని, నీకు పెట్టకుండా ఇంజిన్‌కి పెట్టాను. నీకు కోపమొస్తే అర్థముంది. కానీ ఆ పని నాదగ్గర్నుంచి తీసుకోకు. నాకింకేం లేదు."

నవ్వు పుట్టిన చోటేదో తెలియదు గానీ వీధి చివరి దాకా పోయింది. ముసలమ్మలు ఒకరి మీద ఒకరు పడిపోయారు. పెద్దాయన నవ్వకూడదని గడ్డం పట్టుకున్నాడు గానీ గడ్డమే ఊగింది. ఖున్‌బోక్ చెవులు ఇంట్లో తలుపుకు తగిలించిన చొక్కా కంటే ఎర్రగా అయ్యాయి. ఆ ఎర్రటి చెవులతోనే మళ్ళీ అడిగాడు.

"నిన్ను ఊరంతా తిప్పే పని నాదేనా?"

అవును. మళ్ళీ వేశాడు. అవును. మూడోసారి రెండు చేతులతోనూ వదిలాడు. అవును!

టపాకాయల దండకు ఎవరో నిప్పంటించేశారు. ఆ పొగ ఇంకా ఆరకముందే హోక్‌లాయ్ గొంతు సవరించుకున్నాడు.

"పెద్దాయనా, నాదొక చిన్న మాట. అన్నయ్య 'తిప్పే పని' అన్నాడు. 'కారులో' అనలేదు."

జనం ఛీ అన్నారు, అయినా మాట మాటే. దేవుడి దగ్గర అడిగింది అడిగినట్టే లెక్క. పెద్దాయన కాసేపు ఆలోచించి, తప్పదని చెయ్యి ఊపాడు.

"కారులోనేనా రాకుమారా?" అన్నాడు ఖున్‌బోక్ ధీమాగా, టీ గ్లాసు తొణకని ఇంజిన్‌ను తలుచుకుని. రెండు ఉబ్బులూ పైకి పడ్డాయి. కాదు.

హోక్‌లాయ్ ముఖం వెలిగిపోయింది. "అయితే నా కారే. పోనీలే, అన్నయ్యనే నడపనీ, నేను పక్కన కూర్చుంటా. అడగండి."

అడిగారు. కాదు. నమ్మలేక హోక్‌లాయ్ తనే చెక్కలు పుచ్చుకుని వేశాడు. కాదు.

అప్పుడు స్తంభం పక్కనుంచి సియూహా గొంతు వినిపించింది. "కార్లు వద్దంటున్నాడు, బావ కావాలంటున్నాడు. ఎత్తుకుని తిప్పమంటున్నాడేమో! పిల్లాడు కదా, చంకెక్కాలనుంటుంది."

"అదీ అడుగు," అన్నాడు పెద్దాయన.

ఖున్‌బోక్ లోలోపల దేవుడు నవ్వాలని దణ్ణం పెట్టుకుంటూ అడిగాడు. దేవుడు నవ్వలేదు. అవునన్నాడు, అవునన్నాడు, అవునన్నాడు.

మర్నాడు ఎర్ర గుడ్డతో రాకుమారుణ్ణి అతని వీపుకు కట్టారు. చెక్క బొమ్మే అయినా ఊళ్ళో వాళ్ళ మొక్కుల బంగారమంతా ఒంటి మీదుంది, బరువు బాగానే తెలిసింది. సీటు పోయిందన్న దిగులు ఇంకా బరువుగా ఉంది. వెనకే కారు. అందులో డప్పులు పెట్టారు, నడిపేది సియూహా. బాగుచేసినదానివి నువ్వే కనిపెట్టుకో అని పెద్దాయనే కూర్చోబెట్టాడు. ఆ కారు ఖున్‌బోక్ మడమల వెనకే, అతని అడుగుకు అడుగు, చప్పుడు లేకుండా వస్తోంది.

"బావా, కాస్త ముందుకు నడువు! ఇక్కడ ఇంజిన్‌కి నిద్రొస్తోంది!" అని ఆమె హారన్ కొట్టినప్పుడల్లా వీధంతా నవ్వింది. ఖున్‌బోక్ పళ్ళు నూరుకుంటూ నడిచాడు. జనం దణ్ణాలు పెడుతున్నారు గానీ అతనికి చెమటలో ఏమీ కనబడలేదు.

గుల్లల పాకల దగ్గర ఒక ముసలమ్మ రోడ్డుకు అడ్డంగా వచ్చి మోకాళ్ళ మీద వాలిపోయింది. "కారొచ్చాక నాకు ఈ భాగ్యం పోయింది. ఇన్నాళ్ళకి దక్కింది. దూరనివ్వరా నాయనా!"

వెనకటికి రాకుమారుడు పల్లకీలో వచ్చేటప్పుడు జనం దాని కింద దూరేవాళ్ళు. దూరితే ఏడాది పాటు ఏ గండమూ దగ్గరికి రాదు. కారు కింద ఎవరు దూరుతారు? ఇప్పుడు పల్లకీ లేదు, ఉన్నవి ఖున్‌బోక్ కాళ్ళు. అందరూ పెద్దాయన వైపు చూశారు.

"దేవుణ్ణి ఏది మోస్తే అదే పల్లకీ," అన్నాడు పెద్దాయన. "కాళ్ళు ఎడం చెయ్యరా."

ముసలమ్మ దూరింది. ఆమె వెనక ఆమె కోడలు. డప్పులవాళ్ళు, సింహం తలవాడు, తోకవాడు. టీ కొట్టు దగ్గర అతనికి బుద్ధులు చెప్పేవాళ్ళందరూ వరసలో నిలబడి, మోకాళ్ళ మీద దిగి, తలలు వంచి, అతని కాళ్ళ సందులోంచి పాకుతూ పోయారు. వీపు మీది బరువు ఖున్‌బోక్‌కు ఎప్పుడు తేలికైందో తెలియలేదు. చెమట తుడుచుకుని చూస్తే వరస ఐసు ఫ్యాక్టరీ దాకా ఉంది.

ఫ్యాక్టరీ గేటు దగ్గర హోక్‌లాయ్ నిలబడి ఉన్నాడు. పక్కన వాళ్ళమ్మ, నడుం వంగినా చెయ్యి వంగని మనిషి.

"దూరు," అందావిడ.

"అమ్మా, నాకెందుకే, ఇంతమంది..."

"ఐసు మిషను ఆగిపోతోందని ఏడ్చావు. మోకాలు నొప్పని ఏడ్చావు. ఇంటిముందుకొచ్చిన దేవుణ్ణి వదులుకుంటావా? దూరతావా, చెవి పట్టుకు దూర్చనా?"

ఆ గడ్డ మీద మగవాడు ఇంకో మగవాడి కాళ్ళ సందున దూరడమంటే మనవల దాకా చెప్పుకునే అవమానం. రాకుమారుడి కింద దూరడమంటే ఏడాది పొడుగునా అదృష్టం. రెండూ ఒకే సందులో ఉన్నాయని వీధిలో ప్రతివాడికీ తెలుసు. అందుకే డప్పులాగిపోయాయి. సియూహా కారు ఆపి, బాగా కనబడాలని సీటు మీదికెక్కి నిలబడింది. హోక్‌లాయ్ పైనున్న గులాబి బుగ్గల్ని చూశాడు, కిందున్న ఖున్‌బోక్ ముఖాన్ని చూశాడు, అమ్మ చేతిని చూశాడు. ప్యాంటు మడుచుకుని మోకాళ్ళ మీద దిగాడు.

ఖున్‌బోక్ అంతసేపూ ఎడంగా పెట్టుకున్న కాళ్ళను కొంచెం దగ్గరికి జరుపుకున్నాడు.

"నెమ్మదిగా రా తమ్ముడూ," అన్నాడు. "నాకేం తొందర లేదు."